సగం సారు, ఏడో పంపు

సగం సారుకున్న పిచ్చి ఒక్కటే: ఎవరితో మాట తేడా వచ్చినా సగం దూరం తానే వచ్చేస్తారు. ఇంటి గోడలకి భార్య నీలం అన్నారు, ఈయన పసుపు అన్నారు. ఇల్లు ఆకుపచ్చగా తేలింది.

నీటి సరఫరా ఆఫీసులో ఆయనతో వేగడం చీఫ్‌గారికి తలకు మించిన పని.

“మీటింగు పదకొండింటికి.”

“పదింటికి పెట్టుకుందాం సార్. పోనీ, పదిన్నర.”

“కుదరదు, పదకొండే.”

“అయితే పావు తక్కువ పదకొండు.”

“పదకొండయ్యా బాబూ!”

ఈ బేరం తెమిలేసరికి నిజంగానే పదకొండయ్యేది.

ఒకరోజు మాత్రం ఇవేవీ కొత్త ఇంజినీరమ్మాయికి నవ్వు తెప్పించలేదు. ఆ రోజు ఆమె పథకానికి పరీక్ష. ఒకే పైపు మీద ఏడు పంపులు. పైనుంచి హుకుం చేసేవాళ్ళెవరూ ఉండరు. ప్రతి పంపూ తన ముందు పంపు ప్రెషరు చూసి తనది సర్దుకోవాలి, చివరికి ఏడూ ఒక్క అంకె మీదికి రావాలి. రాకపోతే పథకం బుట్టదాఖలే.

ఏడు ప్రెషరు మీటర్ల ముళ్ళూ మూడు దగ్గర నిలిచాయి. అందరూ చప్పట్లు కొట్టారు. చీఫ్‌గారు సంతకానికి పెన్ను తీశారు.

“ఏడో పంపు మాట ఎవరు విన్నారమ్మా?” అన్నారు సగం సారు.

“అదీ మూడే అంటోంది కదా సార్!”

“అంటోందా, అనిపించామా?”

అమ్మాయి పథకం బొమ్మ మళ్ళీ చూసింది. ఒకటోదాని మాట రెండోది వింటుంది, రెండోదాని మాట మూడోది. ఏడోదాని మాట వినే దిక్కే లేదు. అన్నీ ఒప్పుకున్నది ఒకటో పంపు మాటకే. ఏడోదేమో ఎత్తు మీది ఇళ్ళకి నీళ్ళెక్కించేది. వాళ్ళకి ఈ మూడు ఏ మూలకి?

“తోకకి కూడా నోరెందుకయ్యా?” అని చీఫ్‌గారు విసుక్కున్నారు.

“ఉండనివ్వండి సార్. ఏడోదాని ప్రెషరు ఒకటోదానికి తెలిసేలా ఒక్క లైను కలిపితే చాలు,” అన్నారు సగం సారు.

అమ్మాయికి తను చేరిన రోజు గుర్తొచ్చింది. మీటింగులో పీలగొంతుతో ఆమె చెప్పిన అంకె ఎవరికీ వినబడలేదు. ఈయన ఒక్కరే దాన్నీ చీఫ్‌గారి అంకెనీ కలిపి, సగం చేసి, పైకి చెప్పారు. సగం చెయ్యాలంటే రెండో మాట వినితీరాలి మరి! ఆమెకి సగం సారు మీద ఎక్కడలేని ప్రేమా పుట్టుకొచ్చింది.

లైను కలిపించి, ఏడో పంపు దగ్గర పనిచేసే ఆవిడకి తనే ఫోను చేసింది. “పిన్నిగారూ, మీ పంపుకి ఎంత ప్రెషరు కావాలి?”

“నన్నేనా అడుగుతున్నారు? ఆరు కావాలండీ... పోనీ, అయిదైనా ఫరవాలేదు.”

సగం సారు ఫోను లాక్కున్నారు. “ఆరే చెప్పండమ్మా! తగ్గించడానికి మేమున్నాంగా!”

ఒకదాని మాట ఒకటి వింటూ, సాయంత్రానికి ఏడు పంపులూ నాలుగున్నర దగ్గర స్థిరపడ్డాయి. చీఫ్‌గారు సంతకం పెట్టారు. ఈసారి ఫోను ఆవిడే చేసింది.

“నీళ్ళు రెండో అంతస్తు దాకా ఎక్కాయండీ! మూడోదానికి మళ్ళీ అడగొచ్చా?”

“రోజూ అడగండి!” అన్నారు సగం సారు.