ఒక చెట్టు విడిచి ఒక చెట్టు

మా వదిన బల్బీనకు ఓపిక ఎక్కువని మా లోయలో అందరూ అంటారు. నేనొప్పుకోను. ఓపిక ఉన్నవాళ్ళు ఊరుకుంటారు. మా వదిన ఊరుకోదు, అలాగని అరవదు. తను అనుకున్నది అయ్యేదాకా ఎవరి మాటా చెవిన వేసుకోదు. దాన్ని మా ఇంట్లో మొండితనం అంటాం. ఆవిడ ఆడపడుచు తెల్వను నేనే కాబట్టి ఆ మాట అనే హక్కు నాకుంది.

సముద్రం ఒడ్డున చేపలు పట్టేవాళ్ళ ఇంట్లో పుట్టిన మనిషి. మా అన్న సెల్మోను చేసుకుని ఇక్కడికి వచ్చేనాటికి ఆవిడకు తెలిసిన ఆపిల్స్ రెండే రకాలు, ఎర్రవీ పచ్చవీ. అలాంటిది, మా నాన్న పోయి వాగు పక్క నేల చెక్క అన్న వాటాకు రాగానే, అక్కడ తోట వేస్తానని పట్టు పట్టింది. ఇంట్లో తాగే సీద్ర, అదే పులియబెట్టిన ఆపిల్ రసం, ఇంటి పీపాలోంచే రావాలట, అదీ ఏటా రావాలట.

"అయితే రషావు వెయ్యి," అన్నాడు అన్న. "మా నాన్న వేసిందదే, మా తాత తాగిందదే."

రషావు పుల్లటి కాయ. మంచిదే. కానీ వదిన ఒకళ్ళు చెప్తే వేసే రకమా? ఆ శరదృతువంతా చేతిలో చాకు పట్టుకుని ఊళ్ళో ప్రతి తోటలోనూ దూరింది. రాలిన కాయ తియ్యడం, కోసి కొరకడం, నమిలి ఉమ్మెయ్యడం. పక్కింటి నోలో మా అన్నను బజార్లో ఆపి, "ఏం సెల్మో, ఇంట్లో తిండి పెట్టడం లేదా? మీ ఆవిడ మా ఆవులకు పోటీగా తయారైంది," అన్నాడు. అన్న ముఖం మాడ్చుకుని వచ్చాడు. నాకూ సిగ్గేసింది.

"నవ్వితే నవ్వనీ, తెల్వా," అంది వదిన నాతో. "ఒట్టి పులుపుతో చేస్తే పళ్ళు జివ్వుమంటాయి. ఒట్టి తీపితో చేస్తే చప్పగా చచ్చినట్టుంటుంది. ఇంకోటి కూడా కావాలి. కొరికితే నాలుక పట్టుకుపోయే వగరు కాయ. అది లేకపోతే మింగాక నోట్లో ఏమీ మిగలదు."

చివరికి అంటుకొమ్మలు తెచ్చి తనే కట్టింది. మొగుడి మాట కాదనలేదని చెప్పుకోవడానికి బాట పక్కన రెండు వరసలు రషావు. వాటి వెనక తీపి వెర్దియలోన ఒక వరస. కొండ వైపు, ఏటవాలులో, వగరు క్లార ఒక వరస. కొన్నేళ్ళకు చెట్లు ఏపుగా ఎదిగి తొలి కాపు బాగా కాశాయి. ఆ ఏటి సీద్ర తాగి నోలో కూడా ఇంకో గ్లాసు అడిగాడు.

తర్వాతి ఏడు ఒక్క కాయ లేదు.

మా లోయలో చెట్లన్నీ అంతే. ఒక ఏడు కొమ్మలు విరిగేలా కాస్తాయి, మరుసటి ఏడు ఆకు తప్ప ఇంకేం చూపించవు. కాపు లేని ఏడు ఊళ్ళో ఎవరి గానుగా తిరగదు. మరుసటి వసంతంలో పీపా తెరిచే పండుగా ఉండదు. చిన్నప్పటి నుంచీ చూస్తున్నాం కాబట్టి మాకది వర్షం పడ్డట్టే మామూలు. కానీ మా అన్నకు వయసుతో పాటు చిరాకు పెరిగింది. నోలో తన కొండంతా జామాయిల్ వేసేశాడు. వాటికి నీళ్ళక్కర్లేదు, ఎరువక్కర్లేదు, నిటారుగా పెరుగుతూ పోతాయి, కాగితం మిల్లు లారీ వచ్చి నరుక్కుపోతుంది.

మళ్ళీ కాపు ఏడు వచ్చింది. ఏప్రిల్లో మొగ్గలు చూసి అన్న, "ఈ ఏడు కాస్తాయి, తెలుసు. వచ్చే ఏడు సంగతేంటి?" అన్నాడు. "ఒక ఏడు పనిచేసి ఒక ఏడు కూర్చునే చెట్లు నాకొద్దు బల్బీనా. వచ్చే ఏడు పీపా నిండకపోతే నరికించి జామాయిల్ వేస్తా. ఊరికే నిండితే చాలదు, తాగేలా ఉండాలి."

వచ్చే ఏడు కాపు ఉండదని తెలిసీ అన్న మాట అది. నేనైతే అక్కడే తిట్టేదాన్ని. వదిన మాత్రం రొట్టె కోస్తూ, "సరే," అంది.

మే నెల వచ్చింది. తోటంతా తెల్లగా, గులాబీగా విరగబూసింది. ఒక పొద్దున చూస్తే వదిన నిచ్చెనెక్కి పువ్వులు దూసేస్తోంది. గుత్తులకు గుత్తులు. కింద గడ్డి తెల్లబడిపోయింది.

"వదినా, నీకు మతి పోయిందా? కాపు ఏడు పూలు తెంపుతావా?"

"ఈ ఏడు కాయలు మొయ్యకపోతే ఈ చెట్లకు వచ్చే ఏటికి బలం మిగులుతుంది. సగం ఇప్పుడు కాయనీ, సగం అప్పుడు కాస్తాయి. నిచ్చెన పట్టుకో, కదులుతోంది."

"కాస్తాయని నీకెవరు చెప్పారు?"

"పోయినసారి ఊళ్ళో ఒకళ్ళ తోటలో వడగళ్ళకు పూలు రాలిన కొమ్మ ఒక్కటే ఆ మరుసటి ఏడు కాసింది. చూశాను. పట్టుకోవే."

పట్టుకున్నాను. ఏం చెయ్యను? ఊరు ఊరంతా బాట మీద నిలబడి నోరెళ్ళబెట్టింది. నోలో అయితే, "సెల్మోకు నరికే కూలీ తగ్గిస్తోంది పాపం," అన్నాడు. ఆవిడ మోకాలు అప్పటికే బాగాలేదు. ఏటవాలులో నిచ్చెన నిలవదు కాబట్టి బాట పక్క రెండు వరసలే పూర్తిచేసింది. మిగతావి వదిలేసింది.

పప్పులో కాలేసింది అక్కడే. శరదృతువులో గానుగ దగ్గర కాయలు కుప్ప పోశాక గానీ మా ఇద్దరికీ వెలగలేదు. కుప్పంతా తీపీ వగరూ, పుల్లటి కాయ మందుకైనా లేదు. బాట పక్క రెండు వరసలూ రషావే కదా. ఊళ్ళో ప్రతి తోటలోనూ కొరికి, ఉమ్మి, లెక్కగా వేసిన మనిషి పువ్వులు దూసేటప్పుడు వరసకు వరస దూసేసింది. ఆ శీతాకాలం పీపాలో తయారైన సీద్ర మందంగా, చప్పగా, ముసలి కుక్కలా పడుకుంది. అన్న ఒక గుక్క తాగి గ్లాసు పక్కన పెట్టాడు. తిట్టినా బాగుండేది. వదిన ఆ రోజు వంటింట్లో ఏడ్చింది. నేను చూశాను, నేనూ ఏడ్చాను.

మళ్ళీ మే వచ్చింది. లోయలో ఎక్కడా పువ్వు లేదు. మా బాట పక్క రెండు వరసలు మాత్రం తెల్లగా వెలిగిపోయాయి. నోలో ఆగి చూసి, తలొంచుకుని వెళ్ళిపోయాడు. నాకంత సంతోషం నా పెళ్ళప్పుడు కూడా కలగలేదు.

కాయలు వచ్చాయి, దండిగా. కానీ అన్నీ పులుపే. రసం తీస్తే పీపాకు వెలితి పడింది. వదిన ఆ వెలితి చూసి, "పోయినేటిది ఇందులో పొయ్యి," అంది.

"పాతదీ కొత్తదీ కలిపేదెవరు? మా నాన్న ఏనాడూ కలపలేదు," అన్నాడు అన్న.

"మీ నాన్న జామాయిల్ కూడా వెయ్యలేదు."

అన్న నా వైపు చూశాడు. నేను గోడ వైపు చూశాను. తనే కడవ తీసుకెళ్ళి పోశాడు.

ఆ వసంతంలో పీపా తెరిచిన ఇల్లు మాదొక్కటే. ఊరంతా వచ్చింది. ఉడికించిన గుడ్లు, చోరిసో సాసేజీలు, బంగాళాదుంప అట్టు, అన్నీ నిలబడే తిన్నారు. అన్న పీపా చిల్లులోని మేకు లాగాడు. సన్నటి ధార దూకింది. గ్లాసు అంచున పట్టి ఇంటి యజమానిగా మొదటి గుక్క తనే తాగాడు. ఊరు ఊరంతా అతని మొహమే చూస్తోంది. వదిన తన చేతులు చూసుకుంటోంది.

అన్న మళ్ళీ గ్లాసు పట్టాడు. నోలో చెయ్యి చాపాడు. అన్న అతన్ని దాటుకుని వెళ్ళి గ్లాసు వదినకిచ్చాడు. ఆవిడ తాగి నాకందించింది. ముందు పులుపు జివ్వుమంది, దాని వెనక తీపి తగిలింది, మింగాక వగరు నాలుక మీద నిలబడింది.

నోలో తన వంతు తాగి మూతి తుడుచుకుని, "అయితే జామాయిల్ ఎప్పుడు నాటుతున్నావ్ సెల్మో?" అన్నాడు.

"నీ ఆకులు పిండుకుని నువ్వు తాగు," అన్నాడు అన్న. అందరూ పడీపడీ నవ్వారు. వదిన ఇంకో గుడ్డు తీసుకుంది.

ఆ మేలో తీపి వరస, వగరు వరస విరగబూశాయి. వదిన మోకాలు వాచి మంచం దిగడం లేదు. పువ్వులు నేనే దూద్దామని బుట్ట పట్టుకుని వెళ్ళాను. తీరా చూస్తే ఏటవాలులో నిచ్చెన. కింద రాళ్ళు పేర్చి దాన్ని నిలబెట్టాడు మా అన్న. పైన కూర్చుని, ఎవర్నో తిట్టుకుంటూ పువ్వులు దూస్తున్నాడు.

నేను పక్క చెట్టు కొమ్మ వంచాను.

"దాన్ని ముట్టుకోకు," అన్నాడు పైనుంచి. "అది ఈ ఏటిది. ఇది వచ్చే ఏటిది."