ఒకటే అంటే ఊరుకోని సిద్దిరాములు

సుల్తానాబాదులో ఫొటో స్టూడియో సిద్దిరాములును ఏమన్నా పడేవాడు. కానీ రెండు దీపం పురుగుల ఫొటోలు చూసి "రెండూ ఒకటే" అంటే మాత్రం ఊరుకునేవాడు కాదు. అన్నవాణ్ణి కూర్చోబెట్టి, చేతికి భూతద్దం ఇచ్చి, తప్పు ఒప్పుకునేదాకా గడప దాటనిచ్చేవాడు కాదు.

సాయంత్రం దీపానికి వచ్చిన పురుగులు పొద్దున గోడకు అతుక్కుని ఉంటే, ఒక్కొక్కదానికీ విడిగా ఫొటో తీసేవాడు. ఇంటిల్లిపాదీ కలిసి ఒక్క ఫొటోతో సరిపెట్టుకునే రోజులవి. "మనుషులకు లేని భోగం పురుగులకు!" అని భార్య అనసూర్య వంటింట్లోంచే తిట్టేది. తిడుతూ తిడుతూనే ఆ విద్య ఆమెకూ అబ్బింది. మీసాలు దువ్వెన పళ్లలా ఉంటే మగది, దారపు పోగుల్లా ఉంటే ఆడది. రెక్క మీది గీత చివర వంగితే ఒక జాతి, తిన్నగా పోతే ఇంకో జాతి.

ఒకసారి కచేరీ గుమాస్తా దశరథం పెళ్లి సంబంధం కోసం ఫొటో దిగాడు. ఫిల్ము కడిగి చూస్తే ముఖమంతా మసక. వెనక పరదా మీద వాలిన పురుగు మాత్రం మీసాలతో సహా స్పష్టంగా పడింది.

"గిదేందయ్యా? పిల్లనిచ్చేటోళ్లకు దీన్ని సూపియ్యాల్నా?"

"గది కాదు దశరథం, నిరుడు గిసుంటిదే దొరికింది. రెండు పక్కపక్కకు వెట్టి సూడు."

"ఒకటే గదా!"

అనేశాడు పాపం. పొద్దున పోయినవాడు భోజనాల వేళ దాటాక గానీ బయటపడలేదు.

ఆ వీధిలోనే బుచ్చవ్వ ఉండేది. భర్త నాగయ్య పోయి, పిట్టకు పిండం పెట్టిన నాటి సాయంత్రం ఆమె ఇంట్లో దీపం పక్కన ఒక పురుగు వాలింది. ఆయనే వచ్చాడని నమ్మేసింది. నాగయ్య బతికుండగా ఏనాడూ ఫొటో దిగలేదు. అందుకని సిద్దిరాములును పిలిచి ఆ పురుగుకే ఫొటో తీయించి, పటం కట్టించి బొట్టు పెట్టింది. ఆ తర్వాత దీపానికి ఏ పురుగు వచ్చినా ఆమెకు నాగయ్యే. అది వింటే సిద్దిరాములుకు నాలుక దురద పెట్టేది. అనసూర్య కళ్లురిమి ఆపేది.

ఒంటరిదై, పొయ్యి కూడా సరిగా వెలిగించక బుచ్చవ్వ చిక్కి పుల్లయింది. బెల్లంపల్లి బొగ్గుబాయిలో పనిచేసే కొడుకు రాయమల్లు తీసుకుపోవడానికి వస్తే కదలనంది.

"నేను పోతే మీ బాపు దీపం కాడికొచ్చి ఎవలను జూస్తడు?"

రాయమల్లు స్టూడియోకు వచ్చి కూలబడ్డాడు. "నువ్వన్న జెప్పు మామా. గిట్లనే ఉంటే అవ్వ నాకు దక్కది."

మర్నాడు సిద్దిరాములు కెమెరా భుజాన వేసుకుని రాయమల్లు వెంట రైలెక్కాడు. బెల్లంపల్లిలో పెండ్లి ఫొటోలున్నాయని ఇంట్లో చెప్పాడు.

"ఆషాఢంల పెండ్లేంది?" అంది అనసూర్య.

తిరిగొచ్చాక బుచ్చవ్వను పిలిచి రెండు ఫొటోలు ముందు పెట్టాడు. "అక్కా, గిది మీ ఇంటి గోడ. గిది బెల్లంపల్లిల నీ కొడుకు క్వార్టర్ గోడ. బావ నీకంటె ముందే పోయి కూసున్నడు."

"గాయనేనా? మంచిగ జూసి చెప్పు. గీ ముచ్చట్ల నువ్వు అబద్ధమాడవు."

అనసూర్య తొంగి చూసింది. మొదటిదానికి దువ్వెన మీసాలు, రెండోదానికి దారపు పోగులు. గీత కూడా మొదటిదానిలా వంగలేదు. జాతే వేరు! మొగుడి వంక చూసింది. సిద్దిరాములు ముఖమంతా చెమటలు. భూతద్దాన్ని అవతలికి నెట్టి, గోడ వైపు తిరిగాడు.

"ఒకటే అక్కా," అన్నాడు.

ఆ పూట అనసూర్యకు మొగుడి మీద పుట్టినంత ప్రేమ పెళ్లినాడు కూడా పుట్టలేదు. బుచ్చవ్వ పటం చంకన పెట్టుకుని కొడుకు వెంట వెళ్లిపోయింది.

శివరాత్రికి వేములవాడ పోతూ ఆమె స్టూడియో ముందు ఆగింది. ఒళ్లు చేసింది, ముఖంలో కళ వచ్చింది.

"సిద్దిరాములూ, నేను పోయిన నాలుగొద్దులకే మీ బావ గోడ మీద గుడ్లు వెట్టిండు."

సిద్దిరాములు నోరు తెరిచాడు. అనసూర్య గబుక్కున కాలు తొక్కింది.

"ఏం ఫికర్ జెయ్యకు," అంది బుచ్చవ్వ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతూ. "నేను రాయమల్లును కన్ననాడు అరుగు మీద సుట్ట తాక్కుంట కూసున్నడు. గిప్పుడన్న తెలుస్తది, కనుడంటే ఏందో!"