ప్రపంచ యుద్ధానికి పసుపు కుంకుమ

కూరలో ఉప్పు రెండుసార్లు వేసినవాళ్ళు, పాలు పొంగబెట్టినవాళ్ళు ఊరినిండా ఉంటారు. నేను అలాంటి చిన్న పనులతో సరిపెట్టుకోలేదు. రెండో ప్రపంచ యుద్ధాన్నే నాశనం చేశాను. అదీ తలస్నానం చేసి, భక్తిగా.

డెబ్భైల చివర, పాకాలలో జరిగిన సంగతి. మా మామ, అంటే మా ఆయన వాళ్ళ నాయన, యుద్ధకాలంలో బర్మాలో సిపాయిగా ఉండి వచ్చిన మనిషి. తరువాత రైల్వేలో పని చేసి, రిటైరైన మర్నాటి నుంచే ఆ యుద్ధం చరిత్ర రాయడానికి కూర్చున్నాడు. ఏ సైన్యం ఏ దారిన నడిచింది, ఏ దేశం ఏ దేశంతో ఏ ఒప్పందం చేసుకుంది, అన్నీ. నేను బడి గడప తొక్కినదాన్ని కాను. మా నాయన ఇంట్లో నేర్పిన అక్షరాలు చూసి మామ, "ముత్యాల మాదిరి ఉండాది నీ రాత. సాపు ప్రతి నువ్వే రాయాలమ్మా" అన్నాడు. ఆ మాటకు ఈనాటికీ ఆయనకు మనసులో దండం పెట్టుకుంటాను. పొయ్యి మీద పప్పు ఉడికేలోపు జర్మనీని పోలండు మీదికి పంపి, పప్పు దించి వచ్చి మళ్ళీ అందుకునేదాన్ని.

"ఆ యుద్ధం ఆరేండ్లలో ముగిసిపాయె. ఈయన రాసేది పదకొండేండ్లయినా ముగిసేటట్టు లేదు" అనేది మా అత్త.

రాత నాది, పటాలు మాత్రం ఆయనవే. పెద్ద నోటుబుక్కులో ఇరవైమూడు పటాలు. పిల్లల రంగుబిళ్ళలు నీళ్ళలో కలిపి, అగ్గిపుల్ల కొసతో చుక్కలు పెట్టేవాడు. పసుపు చుక్క మన సైన్యం, ఎర్ర చుక్క శత్రువు. ఇది నాకు బాగా తెలుసు. తెలియకపోయి ఉంటే ఈరోజు ఇంత సిగ్గుపడేదాన్ని కాదు.

చదువుకున్నవాళ్ళు ముందుమాట రాసిస్తేనే అచ్చేస్తానని చిత్తూరులో ప్రెస్సాయన మెలిక పెట్టాడు. తిరుపతిలో చరిత్ర చెప్పే లెక్చరరు ఒకాయన విజయదశమి నాడు ఉదయం రైలుకు వచ్చి చూస్తానన్నాడు. మామకు వారం రోజులు అన్నం సయించలేదు. ఆయన పదకొండేళ్ళూ ఆ ఒక్క మనిషి తల ఊపడం మీద ఆధారపడి ఉన్నాయి.

ముందురోజు సరస్వతి పూజ. పుస్తకాలన్నీ పీట మీద పెట్టి, అట్టలకు పసుపు కుంకుమ పెడతాం. మర్నాడు మళ్ళీ పూజ చేసి తీసేదాకా ఎవరూ తాకకూడదు. ఆ యేడు నాకు భక్తి ముదిరింది. రేపు ఆయన ఏ పుట తిప్పితే ఆ పుటలో అమ్మవారు కటాక్షించాలి గదా. అందుకని పటాల పుస్తకం తెరిచి, ప్రతి పటానికీ నాలుగు మూలలా, నడిమధ్యనా తడి పసుపు, దాని మీద కుంకుమ. ఒక్క దేశానికీ అన్యాయం జరగనివ్వలేదు. ఆ పూట అవి నాకు దేశాల పటాలుగా కాదు, దేవుడి పటాలుగా కనబడ్డాయి మరి. పుస్తకం మూసి, బరువుకు మిగతా నోటుబుక్కులన్నీ దాని మీదే పేర్చాను.

లెక్చరరు వచ్చాడు. పూజ చేసి పుస్తకం తీసిచ్చాము. నేను తలుపు చాటున నిలబడ్డాను.

"పెద్దాయనా, జపానోళ్ళు సముద్రం నడిమిలో యాడ దిగినారు?"

మామకు తన పటం మీద దేవుడి మీదున్నంత నమ్మకం. "నీళ్ళ కింద పోయే ఓడలుంటాయి గదా సార్" అన్నాడు.

"వాళ్ళ చుట్టూరా మనోళ్ళున్నారే."

"చుట్టుముట్టింటారు సార్."

ఆయన పుట తిప్పాడు. "ఈడా నాలుగు మూలలా చుట్టుముట్టినారు." ఇంకో పుట. "హిమాలయాల మీద గూడానా?"

మామ కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. లెక్చరరు ఒక చుక్కను వేలితో రుద్ది, వాసన చూశాడు. "పెద్దాయనా, ఇది కుంకుమ."

తలుపు చాటు నుంచి ముందుకొచ్చి, "నేనే మామా" అన్నాను.

"ఎన్ని పటాలకమ్మా?"

"అన్నిటికీ."

"శత్రువులకు గూడా పెట్టినావా?"

"సరస్వతి గదా మామా. భేదం చూడలేదు."

తడికి ఆయన చుక్కలన్నీ కరిగి, ఎదుటి పుటలకు అంటుకుని, ఏ సైన్యం ఎవరిదో తెలియకుండా కలిసిపోయాయి. "పటాలు సరిచేసి జాబు రాయండి" అని లెక్చరరు పాయసం తాగి మధ్యాహ్నం రైలెక్కాడు. మామ మళ్ళీ మొదలుపెట్టాడు గాని, అప్పటికే చెయ్యి వణుకు. నాలుగో పటం దగ్గర అగ్గిపుల్ల కింద పెట్టేశాడు. పుస్తకం అచ్చు కాలేదు.

ఆ సాయంత్రం నేను వంటింట్లో ఏడుస్తుంటే మామ గడప దగ్గర కూర్చున్నాడు.

"ఏడవొద్దమ్మా. రెండు పక్కలోళ్ళనూ ఒకే పీట మీద కూసోబెట్టి బొట్టు పెట్టినావు. ఆ కాలంలో పెద్దోళ్ళు ఎవరైనా ఈ పని చేసింటే, నాకు రాసే పనే ఉండేది కాదు."

తిట్టి ఉంటే ఎప్పుడో మరిచిపోయేదాన్ని.

కాబట్టి ఏడుకొండలవాడి సాక్షిగా చెబుతున్నాను. ఈ జన్మలో మళ్ళీ ఏ పుస్తకానికీ అట్ట దాటి లోపలికి పసుపు పెట్టను. మూడో ప్రపంచ యుద్ధం వచ్చి, దాని పటాలు ఎవరైనా గీస్తే, ఆ గదిలోకి తడిచేతులతో అడుగు పెట్టను. మామ నోటుబుక్కులు ఇప్పుడు నా పెట్టెలో ఉన్నాయి. ఏటా సరస్వతి పూజకు తీసి, అట్టకు ఒక్కటే బొట్టు పెట్టి, అది ఆరేదాకా కదలకుండా కాపలా కూర్చుంటాను.