రూతమ్మ అక్క, ఆమె పొడుగుతోక పుంజు

రూతమ్మ అక్క ప్రభువునందు నిద్రించిందన్న వార్తను నాకు మొదట తెచ్చింది ఆమె పక్కింటి నోరీన్. ఆసుపత్రివాళ్ళ దగ్గర ఉన్నది ఆమె నంబరే. తలుపు తీయగానే నా రెండు చేతులూ పట్టుకుని నిలబడిపోయింది. నోరు విప్పకముందే అర్థమైంది, నమ్మడమే చేతకాలేదు. గంట క్రితం ఈ ట్రాలీ ఊరి ఆసుపత్రిలో నాతో మాట్లాడిన మనిషి.

తెనాలి నుంచి వచ్చి పదిహేడేళ్ళు ఇక్కడి వృద్ధాశ్రమంలో సేవ చేసిన అక్కను మన సంఘంలో ఎరగనివారు లేరు. ఎరిగినవారంతా ‘కోళ్ళ ఆంటీ’ అని నవ్వినవారే. ఆమె పెంచింది జపాను జాతి ఒనగదోరి పుంజును. దాని తోక ఈకలు రాలవు, బతికినన్నాళ్ళూ పెరుగుతూనే ఉంటాయి. ఎత్తైన పెట్టెలో కూర్చోబెట్టి, తోకను నేల తగలకుండా వేలాడదీసి, ప్రతి శనివారం గోరువెచ్చని నీళ్ళతో కడిగి ఆరబెట్టేది. తొమ్మిదేళ్ళ అవిచ్ఛిన్న సేవ అది. కూరకు కూడా పనికిరాని పుంజుకు ఇంత చాకిరీ ఎందుకని ఒకసారి నేనూ అన్నాను.

“మనం మాత్రం దేనికి పనికొస్తామనే దేవుడు సాకుతున్నాడు? మాటలాపి తోక పట్టుకో,” అంది.

బడి ఎరుగక, అమ్మ ఇంట్లో నేర్పిన అక్షరాలతోనే ఈ దేశం వచ్చిన నాకు ఫారాలు నింపడం, డాక్టరుతో మాట్లాడడం నేర్పింది ఆమే. అలాంటి అక్కనిచ్చిన దేవునికి కృతజ్ఞతాస్తోత్రాలు.

సెలవు రోజైన గురువారం కూడా పుంజును చంకన పెట్టుకుని వృద్ధాశ్రమానికి వెళ్ళేది. అక్కడి బ్రైడీ అనే ముసలమ్మకు కన్నబిడ్డల పేర్లే గుర్తులేవు. కానీ తోక కొస చేతిలో పెడితే, నేల తాకనీయకుండా నడవా చివరిదాకా భద్రంగా మోసేది.

“పుంజును బ్రైడీ వాళ్ళకి అప్పజెప్పవే మార్తా. తోక జాగ్రత్త.” అక్క నన్ను చివరిగా అడిగింది ఇదొక్కటే. సరేనన్నాను.

ఆ మాట నిలబెట్టుకోలేకపోయాను. అక్క జ్ఞాపకార్థం ఆమె ఇంట్లో పెట్టిన ఆదరణ కూడిక రోజు నేను వంటసామాను కోసం వెళ్ళిన గంటలో, కుర్చీలకు చోటు చాలదని షెడ్డులోని పుంజు పెట్టెను బయటికి లాగి, పుంజును వానలో పెరట్లోకి వదిలారు. తిరిగొచ్చేసరికి తోక చెత్తబుట్టలో ఉంది, కత్తెర సంఘపెద్ద ప్రకాశం గారి చేతిలో ఉంది.

“బురదలో ఈడ్చుకుంటోందమ్మా, పాపం. చూడలేకపోయాను. మళ్ళీ మొలుస్తాయిలే.”

మొలవవు. రాలని ఈక చోట కొత్త ఈక రాదు, మిగిలిన మొదలు పెరిగినా ఆ పొడుగు రావాలంటే మళ్ళీ తొమ్మిదేళ్ళు. తొమ్మిదేళ్ళుగా అక్క అందరికీ చెబుతూనే ఉంది, ఒక్కరైనా చెవిన పెడితే గదా. నాకొక్క ఫోను చేస్తే ఏం పోయేది? ఆపైన ఆయన అరగంట ప్రసంగంలో అక్క త్యాగశీలతను, ప్రార్థనాపరతను, సహనాన్ని వేనోళ్ళ కొనియాడారు. అక్క చేతులు రోజూ ఏం చేసేవో ఒక్క ముక్క లేదు. ఒక మనిషి తొమ్మిదేళ్ళ సహనాన్ని కత్తిరించి పారేసి, ఆ సహనాన్నే పొగడడం ఏం మర్యాద?

గురువారం పుంజును తీసుకుని వెళ్ళాను. బ్రైడీ లేచి వచ్చి, దాని వెనక చేతులు చాచి, కొస కోసం గాలిలో చాలాసేపు వెతికింది. ఆమెకు ఏం చెప్పాలో అక్కకు తెలిసేది. అక్క లేని లోటు ఎంతటిదో ఆ నడవాలో తెలిసింది.

ఆమె ప్రభువు సన్నిధిలో ఉంది, ఆమె గురించి నాకు దిగులు లేదు. సహోదరీ సహోదరులారా, మీ ప్రార్థనలో ఒక్కరిని జ్ఞాపకం చేసుకోండి, ప్రకాశం గారిని. అక్కే ఉంటే ఈపాటికి ఆయన కోసం మోకరించేది. నేనూ మోకరించాను. పేరు దగ్గరికి వచ్చేసరికి నోరు పెగలడం లేదు.