పడని బాల్‌కి కొట్టిన చప్పట్లు

మా పీఈటీ మేడమ్ పోయారని, నాతో స్కూలు టీములో బాస్కెట్‌బాల్ ఆడిన నేస్తం రెండు వారాల కిందట పొద్దున్నే ఫోన్ చేసింది. "ఏటే, మేడం మరి లేరు. నిద్రలోనే పోయారంట," అంది.  ఫోన్ పెట్టెయ్యడానికి ఇద్దరికీ మనసు రాలేదు.

ఆ సాయంత్రానికి మా ఊరి వాట్సాప్ గ్రూపు నిండా పూలదండలూ దండాలూ. వాటి మధ్య మా మావ పెట్టిన మాట ఒకటి: 'కప్పు తేలేకపోయినా మంచి మనిషి.' మావ చెడ్డవాడు కాదు, మేడమ్ అంటే గౌరవం ఉన్నవాడే. అయినా ఆ 'తేలేకపోయినా' చూసి నాకు ఒళ్ళు మండింది. ఆ మంట ఇంకా చల్లారలేదు, అందుకే ఇది రాస్తున్నాను.

నెల్లిమర్లలో జూట్ మిల్లు కార్మికులు షిఫ్టు దిగి మా గ్రౌండు పక్కనుంచే ఇళ్ళకు వెళ్ళేవారు. సైకిళ్ళు గోడకు ఆనించి కాసేపు మా ఆట చూసేవారు. ఎవరైనా సగం కోర్టు నుంచి విసిరిన బాల్ రింగులో పడితే ఈలలే ఈలలు. నా నేస్తానికి ఒకసారి అలా పడింది. ఇక చూడాలి, బాల్ చేతికందితే చాలు, రింగు కింద మేం ఖాళీగా నిలబడి అరుస్తున్నా అక్కడినుంచే విసిరేది.

మేడమ్ దాన్ని తిట్టలేదు. ఆ బాల్ పడినప్పుడు గ్రౌండంతా గోల చేస్తుంటే ఆవిడ వంగి షూ లేసు కట్టుకున్నారు, అంతే. "కోడి గింజ దొరికిన కాడే మళ్ళీ గీకుతాది. తప్పు కోడిది కాదు, ఈలలేసినోల్లది," అని మాతో అన్నారు. కొన్నాళ్ళకి అదే పిల్ల ఒక క్షణం ఆగి, చూసి, ఖాళీగా ఉన్న పిల్లకి బాల్ అందించింది. అందుకున్న పిల్ల వేస్తే పడలేదు. అయినా మేడమ్ గ్రౌండంతా వినపడేలా చప్పట్లు కొట్టారు. బాల్ పడిందా అన్నది ఆవిడకి అక్కర్లేదు, సరైన పని ఎంచుకున్నామా అన్నదే కావాలి. ఈలల కోసం కాకుండా ఆ చప్పట్ల కోసం ఆడడం ఎప్పుడు మొదలుపెట్టామో మాకే తెలీదు.

నా జబ్బు వేరు. ఒక మ్యాచ్‌లో నా బాల్ తప్పితే, గోడ అవతలినుంచి మావ "ఒసే, నీకెందుకే, పక్కదానికియ్యి" అని అరిచాడు. అప్పటినుంచి బాల్ చేతికొస్తే నిప్పు ముట్టుకున్నట్టు పక్కకి తోసేసేదాన్ని. బుద్ధిమంతురాలు, అందరికీ ఇస్తుంది అని మెచ్చుకునేవారు. అసలు సంగతి పట్టేసింది మేడమ్ ఒక్కరే.

"బాల్ ఇచ్చీసినప్పుడల్లా తిట్టు తప్పిందని హాయిగున్నాది గదే నీకు?"

అవునన్నట్టు తలూపాను.

"ఆ హాయే నిన్ను పాడుసేస్తన్నాది. ఖాళీ ఉంటే ఎయ్యి. పడ్డం నీ సేతిలో లేదు, ఎయ్యడం నీ సేతిలో ఉన్నాది."

ఆ రోజునుంచి ఖాళీ చూసుకుని నేను వేసి తప్పిన ప్రతి బాల్‌కీ చప్పట్లు కొట్టారు. గోడ దగ్గర జనం నవ్వేవారు. నవ్వితే నవ్వారు, నేను మాత్రం బాల్ పక్కకి తోసెయ్యడం మానేశాను.

జిల్లా ఫైనల్లో ఒక్క పాయింటు వెనకబడి ఉన్నాం. ఆఖరి బాల్ నాకొచ్చింది. ఎదురుగా అడ్డం ఎవరూ లేరు. వేశాను. రింగు అంచుకు తగిలి బయటికొచ్చేసింది. మావాళ్ళంతా నెత్తి కొట్టుకుంటుంటే మేడమ్ ఒక్కరే చప్పట్లు కొట్టారు.

"ఓడించిన పిల్లకి సప్పట్లేటమ్మా?" అని మావ ఆవిడ్ని నిలదీశాడు.

"సరైన బాలే ఏసింది బాబూ, అందుకే," అన్నారు.

ఆ మాటకి ఊరు ఆవిడని క్షమించలేదు. క్షమించమని ఆవిడా అడగలేదు.

మొన్న మావ నాకు ఫోన్ చేశాడు. మేడమ్ పేరుతో టోర్నమెంటు పెడుతున్నారట. ఎక్కువ పాయింట్లు వేసిన పిల్లకి మేడమ్ పేరు చెక్కిన షీల్డట. అది నేనొచ్చి ఇవ్వాలట.

"ఇవ్వను మావా."

"అదేటే? ఆవిడ పేరు నిలబడాలనే గదా సేస్తన్నాం."

"ఆవిడ పేరెట్టి మళ్ళీ ఈలలే ఎయ్యిస్తారేటి? ఆ షీల్డు సూసాక ఏ పిల్ల పక్కదానికి బాల్ ఇస్తాది? మీకు నచ్చిన షీల్డు ఇచ్చుకోండి. దాని మీద మేడం పేరుంటే మాత్రం స్టేజెక్కి ఇదే మాట మైకులో సెప్తాను."

"మొండిదానివే నువ్వు," అన్నాడు మావ. "సర్లే, పేరు తీయించీమంటాను," అన్నాడు. తీయించకపోతే నేనన్నంత పనీ చేస్తాను. ఇది మావ కూడా చదువుతాడు కనుక ఇక్కడే రాసిపెడుతున్నాను.

కప్పు తేలేదన్నవాళ్ళెవరూ ఆ ఫైనల్ అయ్యాక గ్రౌండులో ఆగలేదు. పిల్లలంతా కుళాయి దగ్గరికి వెళ్ళారు. నేను కోర్టులోనే కూర్చుని ఏడుస్తున్నాను. మేడమ్ గడ్డిలోకి దొర్లిపోయిన బాల్ వెతికి తెచ్చి, నన్ను రెక్క పట్టుకుని లేపి, ఇందాక తప్పిన చోటే నిలబెట్టారు. "ఎయ్యి," అన్నారు. వేశాను. అదీ పడలేదు. ఆవిడ చీర కుచ్చిళ్ళు కాస్త పైకెత్తి పట్టుకుని, మళ్ళీ బాల్ తేవడానికి గడ్డిలోకి నడిచారు.