కొస పట్టించిన అత్త

మొన్న శుక్రవారం పొద్దున బడికి బయలుదేరుతుంటే పక్కింటి అత్త మరిది గోడ మీదుగా పిలిచాడు. దూది ఏకే మనిషి, ఎప్పుడూ గట్టిగా మాట్లాడేవాడు, ఆ రోజు గోడకు దగ్గరగా వచ్చి, "వదిన పోయిందమ్మా" అన్నాడు. నేను పుస్తకాల సంచి అరుగు మీద పెట్టి అలాగే వెళ్ళాను.

ఆమె నాకు చుట్టం కాదు. వాళ్ళు దూదేకుల వాళ్ళు, మేము మిషను బడిలో పనిచేసుకునే క్రైస్తవులం. మధ్యలో నడుమెత్తు గోడ. పదేళ్ళ కిందట నేను ఈ నరసరావుపేటకి కొత్తగా వచ్చినప్పుడు ఆమెను అత్తా అన్నాను, ఆమె నన్ను పంతులమ్మా అంది. అంతే, అలాగే ఉండిపోయింది.

వచ్చినవాళ్ళందరూ చానా మెత్తని మనిషి, ఎవరినీ ఏమీ అనేది కాదు అంటుంటే విన్నాను. పోయినవాళ్ళ గురించి అలాగే అంటారు. అత్త మంచి మనిషి, నిజమే. కానీ మెత్తన కాదు. ఆమె ఒక మనిషిని చచ్చేదాకా క్షమించలేదు. ఆమె గురించి నేను చెప్పదలచుకున్నది అదే.

అత్త బొంతలు కుట్టేది. మామూలుగా అందరూ పాత చీరలు పరచి, పైన ఏదో గుడ్డ వేసి, చుట్టూ కుట్టేస్తారు. అత్త అలా కాదు. ముందు నేల ఊడ్చి, సుద్దముక్కతో బొంతను ఉన్నంత కొలతలో గీసేది. దానిలో ఏ ముక్క ఎక్కడో గీసేది. పెద్ద ముక్కలకు ముందు చోటు చూసి, సందుల్లో చిన్నవి ఇమిడ్చేది. ఏటవాలుగా కోయాల్సినవి ఉంటే ఒకదాని తల పక్కన ఇంకొకదాని కాళ్ళు వచ్చేటట్టు తిప్పి పెట్టేది. మధ్యాహ్నం దాకా గీతలే. కత్తెర ముట్టేది కాదు. నాకు విసుగొచ్చి ఎప్పుడు కోస్తావు అత్తా అంటే, "కోసింది అతకదు పంతులమ్మా. గీసింది చెరిపెయ్యొచ్చు" అనేది. చివరికి ఆమె కింద మిగిలేది గుప్పెడు దారప్పోగులు. వాటినీ తలగడలో కూరేది.

యుద్ధం రోజుల్లో గుడ్డకు కంట్రోలు వచ్చింది. పర్మిట్టు లేనిదే గజం గుడ్డ దొరికేది కాదు. ఆ ఏడు ఎండల్లో ముప్పాళ్ళ దగ్గర ఒక పల్లె తగలబడింది. ముప్పై గుడిసెలు. కట్టుగుడ్డలతో మిగిలారు. పేటలో పెద్దమనుషులు కూడి, చలికాలం లోపల ఇంటికొక బొంత ఇద్దామని తీర్మానించి, పర్మిట్టు తెచ్చారు. గుడ్డ ఇవ్వాల్సింది కంట్రోలు కొట్టు షావుకారు. లోపల పరిచే పాత చీరలు ఊరివాళ్ళం ఇచ్చాం. కుట్టేది అత్త. కూలి వద్దంది.

షావుకారు నాలుగు తానుల చీటిగుడ్డ పంపాడు, ఎర్ర నేల మీద ఆకుపచ్చ తీగలు. అత్త విప్పి చూస్తే ప్రతి తానూ రెండు ముక్కలుగా ఉంది. ఒక ముక్కకు మొదటి కొసన మిల్లు ముద్ర, రెండోదానికి చివరి కొసన. ఆమె రెండు ముక్కల కోతల్నీ దగ్గరికి జరిపింది. తీగ కలవలేదు. ఇటు ఆకు సగంలో తెగితే అటు పువ్వు సగంలో మొదలైంది. మధ్యలో గుడ్డ ఎవరో తీసేశారు.

వెళ్ళి అడిగితే షావుకారు, మిల్లు నుంచే అలా వచ్చింది, యుద్ధంలో ఇంతకన్నా ఏం దొరుకుతుంది, కుట్టేదానివి కుట్టుకో అన్నాడట. ఇంటికొచ్చి మూడు రోజులు నేల మీద గీస్తూ చెరుపుతూ కూర్చుంది. ఎంత ఇమిడ్చినా ఇరవై అయిదుకు మించి రాలేదు. అయిదిళ్ళకు లేవు.

పెద్దమనుషులు లెక్క తగ్గిందేమని అడిగారు. షావుకారు నలుగురి ముందూ, ఆడమనిషి చేతికి ఇస్తే ఇంతే, కొంత కోసి పాడుచేసింది, కొంత దాచుకుంది అన్నాడు. అత్త తీగ సంగతి చెప్పింది. ఎవరికీ అర్థం కాలేదు. అప్పుడు వాళ్ళు నన్ను అడిగారు, పక్కింటిదానివి కదా, ఇంట్లో ఆ గుడ్డ ముక్కలేమైనా చూశావా అని.

చూశాను. అటక మీద కుండలో ఎనిమిది పేలికలు, జానెడు వెడల్పువి, చుట్టి పెట్టింది. ఎందుకో నేను అడగలేదు. చూశానని చెప్పాను, ఎంత వెడల్పువో చెప్పలేదు.

ఆ రోజుతో ఆమె పేరు పోయింది. కుట్టమని ఇచ్చిన చీరలు జనం వచ్చి తీసుకుపోయారు. మర్నాడు నేను గోడ దగ్గర నిలబడి, అబద్ధం చెప్పలేకపోయాను అత్తా అన్నాను. ఆమె నా వంక చూడకుండానే, "నిజమే చెప్పావులే. సగం చెప్పావు" అంది.

పుష్యమాసంలో చలి బాగా పడింది. బొంత అందని ఇళ్ళలో ఒకదానిలో ఒక ముసలమ్మ ఆ చలికి చనిపోయింది. కబురు తెలిసి అత్త పొద్దున్నే ఆ పల్లెకు నడిచి వెళ్ళి, సాయంత్రానికి తిరిగి వచ్చింది. కత్తెర తీసి వాకిట్లో రాయి మీద నూరుతూ కూర్చుంది.

ఎండాకాలంలో షావుకారు కొడుక్కి పెళ్ళి కుదిరింది. పెళ్ళి పరుపు కుట్టాలి. అత్త తలవంచుకుని అతని ఇంటికి వెళ్ళి, ఆ పని నాకిప్పించండి, ఒక్క పేలిక వృథా పోనియ్యను అని అడిగింది. ఊరంతా సిగ్గులేని మనిషి అన్నారు. నేనూ లోపల అనుకున్నాను. షావుకారు పొంగిపోయాడు. ఆమె చెయ్యి ఎంత పొదుపో అతనికి మాత్రం తెలియదా? ఇక ఆమె మాట ఎవరు నమ్ముతారనుకున్నాడేమో, లోపలి నుంచి గుడ్డ తెప్పించి ఇచ్చాడు. నాలుగు ముక్కలు, ఎర్ర నేల మీద ఆకుపచ్చ తీగలు.

వారం తర్వాత పరుపు గుడ్డ సిద్ధమైందని, వచ్చి చూసుకోమని షావుకారుకీ పెద్దమనుషులకీ కబురు పెట్టింది. నన్నూ రమ్మంది. మేము వెళ్ళేసరికి కొట్టు ముందు అరుగు మీద నాలుగు ముక్కలూ పరిచి ఉన్నాయి. ఆమె వాటిని కుట్టలేదు, కొయ్యలేదు. పెళ్ళికి వచ్చిన చుట్టాలు చుట్టూ నిలబడి ఉన్నారు.

"ఏంది ఇది?" అన్నాడు షావుకారు.

"నీ గుడ్డే. చూసుకో."

అప్పుడు కొంగులోంచి ఆ ఎనిమిది పేలికలూ తీసింది. తానుల కోతల అంచుల నుంచి, గుడ్డ వచ్చిన రోజే ఆమె తీసి దాచినవి. ఒక్కొక్క ముక్కకు ఇటొకటి అటొకటి ఆనించింది. తెగిన ఆకు ఆకుతో, తెగిన పువ్వు పువ్వుతో కలిసింది. షావుకారు కత్తెర వంకర పోయిన చోట వంకర కూడా సరిపోయింది. ఈసారి అర్థం కానివాళ్ళు ఎవరూ లేరు.

పెద్దమనుషులు తలలు దించుకున్నారు. షావుకారు చేతులు జోడించి ఏదో అనబోయాడు.

"నాకెందుకు దణ్ణం? చలికి పోయిందే, ఆ ముసలమ్మకు పెట్టుకో. ముందు ఈ కొస పట్టుకో" అంది అత్త.

పట్టుకున్నాడు. వియ్యాలవారు చూస్తుండగా, కొడుకు పెళ్ళి పరుపు గుడ్డ కొస పట్టుకుని ఎండలో నిలబడ్డాడు. అయిదు బొంతలకు అక్కడే కోసింది. ఆమె కత్తెర ఎంత వేగమో నాకు తెలుసు. ఆ రోజు కావాలనే మెల్లగా కోసింది. అతని చేతిలోంచి గుడ్డ జారితే ఆగి, సరిగా పట్టుకునేదాకా చూసి, మళ్ళీ మొదలుపెట్టింది. నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పడానికి సిగ్గుపడను.

కంట్రోలు కొట్టు అతని చేతిలోంచి పోయింది. మామూలు బట్టల కొట్టు మిగిలింది. అత్తకు అది చాలలేదు. సంతకు మా సందులోంచి దగ్గర దారి ఉన్నా, రోజూ అతని కొట్టు ముందు నుంచే వెళ్ళేది. అక్కడ ఒక్క క్షణం ఆగి, కొంగు సర్దుకుని, గొంతు సవరించుకునేది. అతను లేచి లోపలికి పోయేవాడు. ఇన్నేళ్ళూ అంతే. శత్రువును క్షమించాలి అని మా వాక్యంలో ఉంది అత్తా అని నేనొకసారి అంటే, "క్షమించేది దేవుడు గదా. ఆయన పని నాకెందుకు?" అంది.

నన్నూ ఊరికే వదల్లేదు. బొంతలు కుట్టడం నేర్పమని వెళితే, ఏడాది పాటు నాకు కత్తెర ఇవ్వలేదు. పాత బొంతల కుట్లు విప్పే పని మాత్రమే ఇచ్చింది. వేళ్ళు పుళ్ళయ్యేదాకా విప్పాను. ఒకరోజు సుద్దముక్క నా చేతిలో పెట్టి పక్కకు జరిగి కూర్చుంది. ఇవాళ నా పిల్లలు కప్పుకునే ప్రతి బొంతా ఆ రోజు నుంచి వచ్చిందే.

శుక్రవారం మధ్యాహ్నం అత్తను మోసుకుపోతున్న జనాజా బజారు మీదుగా వెళ్ళింది. ఆడవాళ్ళం మలుపు దాకా వెళ్ళి ఆగిపోయాం. ఆ మలుపులోనే షావుకారు కొట్టు. ఈసారి అతను లోపలికి పోలేదు. మెట్లు దిగి దారి పక్కన నిలబడ్డాడు. ముసలివాడైపోయాడు. మిట్ట మధ్యాహ్నం, మట్టి కాలిపోతోంది. చెప్పులు మెట్టు మీద విడిచాడు. జనాజా దాటిపోయింది, జనం దాటిపోయారు. అతను ఒక కాలు ఎత్తి రెండోది మోపుతూ, మళ్ళీ అది ఎత్తి ఇది మోపుతూ, అక్కడే నిలబడ్డాడు. నా వైపు చూశాడు. నేను చూపు తిప్పుకోలేదు.

చెప్పులు చేతికందే దూరంలోనే ఉన్నాయి. అతను తీసుకోలేదు.