జనరల్‌గారి ప్రసంగం

ఆ రోజుల్లో, అంటే ఫిల్మ్‌నగర్‌లో సహాయ దర్శకురాలిగా చేరిన కొత్తలో, నవ్వు కోసం రాసిన మాటకు ఎవరైనా నవ్వుతారనే నమ్మేదాన్ని. చాలాకాలంగా ఖాళీగా ఉన్న మా డైరెక్టరుగారు చివరికి ఒక యుద్ధం కథ పట్టుకున్నారు. గడ్డి కూడా మొలవని మంచుకొండ కోసం ఒక జనరల్ వెచ్చని గుడారంలో జీడిపప్పు తింటూ కుర్రాళ్లను చావుకు పంపుతుంటాడు. ఎంతమంది పోతే ఆయన ఛాతీ మీద అన్ని పతకాలు. మొత్తం వెటకారమే. అందులో జనరల్ ప్రసంగం నేను రాశాను. "ఆ కొండ మీద ఏముందని అడగకండి. మనవాళ్లు అక్కడ చచ్చిపోయారు. అందుకే అది మనకు కావాలి. అందుకే మీరూ వెళ్లాలి." (రాసుకుని రహమత్‌నగర్ గదిలో ఒక్కదాన్నే పడీపడీ నవ్వాను.)

హీరో ఒప్పుకుంటేనే సినిమా. ఇక్కడ కథను ఎవరూ చదవరు. ఎదురుగా కూర్చుని, అన్ని పాత్రలూ తానే అయి చెప్పాలి. జూబ్లీహిల్స్‌లో హీరోగారింటికి వెళ్లేరోజుకి డైరెక్టరుగారి గొంతు బొంగురుపోయింది. నన్ను చెప్పమని సైగ చేశారు. నలుగురిలో పేరు అడిగినా తడబడే నేను, తివాచీ అంచు చూస్తూ, వణికే గొంతుతో చెప్పుకుపోయాను. ప్రసంగం దగ్గరికి వచ్చేసరికి భయంతో ఏడుపొచ్చేసింది. తలెత్తితే హీరోగారు కళ్లు తుడుచుకుంటున్నారు.

"ఏం క్యారెక్టరండీ. జనరల్ అంటే దేవుడే. నేను చేస్తున్నాను," అన్నారు.

మా కో-డైరెక్టరన్న డైరెక్టరుగారి చెవిలో గొణిగాడు. "సార్, గిది కామెడీ అని జర చెప్పుండ్రి."

డైరెక్టరుగారు హీరోగారికి దండం పెట్టి లేచారు. కారెక్కాక, "చెబితే చేస్తాడా? మళ్లీ ఇంట్లో కూర్చోవాలి," అని గుసగుసగా అన్నారు. (ఆ మాత్రం గొంతు హీరోగారి హాల్లోనూ సరిపోయేది.)

కథలోంచి జీడిపప్పు పోయింది. గుడారం పోయి, జనరల్ మంచులో నిలబడ్డాడు. నా మాటల్లో మాత్రం ఒక్క అక్షరం మారలేదు. విడుదల రోజు ఆ ప్రసంగానికి హాలంతా లేచి ఈలలు వేసింది. నా వెనక వరుసలో ఒకాయన భార్యతో, "మన పెద్దోన్ని గూడ మిలిటరీకే పంపుదం," అన్నాడు. అది వెటకారమండీ అని చెప్పాలని వెనక్కి తిరిగాను. ఆయన కళ్ల నిండా నీళ్లు.

"ఏందమ్మా, కాలు తాకిందా?" అని మర్యాదగా అడిగాడు.

"లేదండీ," అని ముందుకు తిరిగి కూర్చున్నాను.

ఇప్పుడు కథలు నేనే చెబుతున్నాను. మొదలుపెట్టే ముందే, "ఇది నవ్వాల్సిన కథండీ," అంటాను. అందరూ గంభీరంగా తలూపుతారు. ఒక్క మాట చెప్పలేక తల తిప్పుకున్న అప్పటి నన్ను తలుచుకుంటే జాలితో కూడిన నవ్వొకటి వస్తుంది. ఆ వెనక వరుసాయన పెద్దోణ్ణి మిలిటరీవాళ్లు ఎత్తు చాలలేదనో, ఛాతీ కొలత తగ్గిందనో వెనక్కి పంపేసి ఉంటారని ఇప్పటికీ ఆశపడుతుంటాను.